అడిగే నోరు ఎవరిది?

పన్నెండో తరగతి దాకా అమెరికాలో బడే పిల్లవాడిని వెతుక్కుంటూ వస్తుంది. చదవడంలోనో రాయడంలోనో వాడికి చిక్కు ఉందేమో కనిపెట్టాల్సిన బాధ్యత బడిదేనని అక్కడి చట్టం చెబుతుంది. దానికి పునాది 1975లో పడింది. పరీక్షలు చేయించేది బడి, తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టేది బడి, ఏ క్లాసులో ఏ సాయం అందాలో ఐఈపీ అనే పత్రంలో రాసిపెట్టేదీ బడే. హైస్కూల్ డిప్లొమా చేతికొచ్చిన రోజున ఆ పత్రానికి కాలం చెల్లిపోతుంది. కాలేజీలో అడుగుపెట్టాక ఆధారపడాల్సినవి వేరే చట్టాలు: 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990లో వచ్చిన వికలాంగుల చట్టం ఏడీఏ. అవి వివక్ష చూపొద్దంటాయి, అడిగినవాడికి తగిన వెసులుబాటు ఇమ్మంటాయి. అడగనివాడి దగ్గరికి మాత్రం ఎవరూ రారు.

ఈ మలుపు దగ్గరే చాలా తెలుగు ఇళ్లలో వాదన మొదలవుతోంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉండే ఒక వదిన, ఆమె మరిది. వదిన కొడుకు హైస్కూల్లో ఆఖరి ఏడాది చదువుతున్నాడు. వాడికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది, ఉందని మూడో తరగతిలోనే తేలింది. మరిది చిప్ కంపెనీలో ఇంజినీరు. ఆ పిల్లవాడంటే ఇద్దరికీ ప్రాణం. నేను వదిన పక్షం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అయినా మరిది అడిగిన కొన్ని ప్రశ్నలు పక్కన పెట్టేసేవి కావు.

మరిది: వదినా, యూనివర్సిటీకి అప్లికేషన్ ఒకటి పంపించారు కదా. మళ్లీ ఈ రెండోది ఏమిటి? సాల్ట్ సెంటర్ అట, సెమిస్టర్‌కి వేల డాలర్ల ఫీజు అట. అన్నయ్య చెప్పాడు.

వదిన: టూసాన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో ఉంది అది. 1980 నుంచీ నడుస్తోంది. డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్న పిల్లల కోసం. వారం వారం ఒక మనిషి వీడితో కూర్చుని, ఈ వారం ఏది ముందు చదవాలి, ఏ అసైన్‌మెంట్ ఎప్పుడు మొదలెట్టాలి అని మాట్లాడతారు. ట్యూటర్లు ఉంటారు. యూనివర్సిటీలో సీటు వేరు, ఇందులో చోటు వేరు. అందుకే అప్లికేషన్ కూడా వేరు.

మరిది: చట్టం ఉందని మీరే చెప్తారు. ప్రతి కాలేజీలో డిసబిలిటీ ఆఫీసు ఉంటుంది, అక్కడ పైసా తీసుకోరు. ఉచితంగా రావాల్సిన దానికి డబ్బు కట్టడం ఎందుకు?

వదిన: రెండూ ఒకటి కాదు, అక్కడే అందరూ పొరబడుతున్నారు. ఉచిత ఆఫీసు ఇచ్చేది పరీక్షలో ఎక్కువ టైమ్, సందడి లేని గది, పాఠ్యపుస్తకం ఆడియోలో, క్లాసు నోట్సుకి ఏదో ఒక ఏర్పాటు. ఇవన్నీ హక్కు. ట్యూటర్‌ని పెట్టమని గానీ, పక్కన కూర్చుని టైమ్‌టేబుల్ వేయించమని గానీ చట్టం ఏ కాలేజీనీ అడగదు. వీడికి ఇన్నాళ్లూ ఆ పని చేసిందెవరు? బడిలో రిసోర్స్ టీచరు, ఇంట్లో నేను. ఆగస్టు నుంచి ఇద్దరం ఉండం.

మరిది: అంటే మీ స్థానంలోకి జీతమిచ్చి ఇంకో మనిషిని తెస్తున్నారు.

వదిన: అనుకో. తప్పేముంది?

మరిది: తప్పని కాదు. మనం కట్టగలం కాబట్టి కడుతున్నాం. వాడి క్లాసులోనే ఇలాంటి ఇబ్బందే ఉన్న మెక్సికన్ పిల్లాడు ఉన్నాడు, వాళ్లమ్మ ఇళ్లు శుభ్రం చేస్తుంది. ఆ పిల్లాడికి ఉచిత ఆఫీసుతో సరిపోవాలి, మనవాడికి మాత్రం వారం వారం ఒక మనిషి కావాలి. నాకు మనస్కరించడం లేదు.

వదిన: ...స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. అందరికీ రావు, తెలుసు. ఆ అబ్బాయి గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

మరిది ప్రశ్నల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. డబ్బు తీసుకుని నడిచే ఇలాంటి ప్రోగ్రాములు అమెరికాలో చాలా ఉన్నాయి. మసాచుసెట్స్‌లో కరీ కాలేజీ 1970లోనే పాల్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టింది. వెర్మాంట్‌లో 1985 నుంచి లాండ్‌మార్క్ కాలేజీ అంటూ మొత్తం కాలేజీయే ఈ పిల్లల కోసం నడుస్తోంది. పని మంచిదే. దాని ఫలం ఎవరికి అందుతోందన్నది మాత్రం వదిన దగ్గర, నా దగ్గర జవాబు లేని ప్రశ్న. అయితే ఆ అన్యాయానికి మందు తన కొడుకు చేత అప్లికేషన్ మాన్పించడం కాదని ఆమె అంది. అందులో నాకు సందేహం లేదు.

మరిది: పోనీ, పక్కనే టెంపీలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఉంది. ఇంటి నుంచి ఎంత దూరం? మీ చేతి అన్నం తింటాడు, మీ కళ్ల ముందు ఉంటాడు. ఫీజూ తగ్గుతుంది.

వదిన: వాడికి కావలసినవి గ్రహాలు. 2023 సెప్టెంబరులో బెన్నూ అనే గ్రహశకలం మట్టిని తెచ్చి యూటా ఎడారిలో దింపారు చూడు, ఆ మిషన్ నడిపింది టూసాన్ వాళ్లే. ఆ రోజు క్యాప్సూల్ పారాచూట్ విచ్చుకునేదాకా వీడు పళ్లు కూడా తోముకోలేదు. టెంపీలో కూడా ఆ చదువు బాగానే చెప్తారు, కాదనను. వాడి మనసు అక్కడుంది. చదవడం కష్టమైన పిల్లాడికి మనసున్న చోట చదవడం ఇంకా అవసరం.

మరిది: వదినా, మీరు కోప్పడకపోతే ఒకటంటాను. రెండేళ్ల కిందట వేసవిలో వాడికి లెక్కలు చెప్పాను. బోర్డు మీద గీసి చెప్తే నాకంటే ముందు పట్టుకునేవాడు. అదే లెక్క కథలాగా పేరాలో రాసిస్తే తెల్లమొహం వేసేవాడు. కొంత ఇబ్బంది, కొంత బద్ధకం అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

వదిన: మొన్న బయాలజీ పేపరు తెచ్చాడు, చూపించనా? 'కింది వాటిలో కణత్వచం చేయని పని ఏది' అని ప్రశ్న. వీడు చేసే పనికి టిక్కు పెట్టాడు. ఇంగ్లీషులో ఆ 'కాదు' అనేది మూడక్షరాల ముక్క. పెద్దపెద్ద మాటలు వాడికి ఆకారంతో గుర్తుంటాయి, మైటోకాండ్రియా అని తడుముకోకుండా చదువుతాడు. చిన్న మాటలే జారిపోతాయి. అలిసిపోయినకొద్దీ ఎక్కువ జారిపోతాయి. పేపరు మొదటి పేజీలో అలాంటి తప్పు ఒక్కటీ లేదు, చివరి పేజీలో నాలుగున్నాయి. బద్ధకమైతే మొదటి పేజీలోనూ ఉండాలి కదా?

మరిది: ...

వదిన: అదే ప్రశ్న నేను పైకి చదివి వినిపించాను. నోట్లోంచి మాట పూర్తికాకముందే జవాబు చెప్పాడు. టెస్టింగ్ రిపోర్టులో కూడా అదే ఉంది. మాటల్లో అడిగితే వందమందిలో పైనుంచి పదిమందిలో ఉంటాడు, కాగితం ఇచ్చి గడియారం పెడితే కిందనుంచి పదిమందిలో ఉంటాడు. మనిషి ఒక్కడే. పుస్తకమంతా చెవిలో పెట్టుకుని రెట్టింపు వేగంతో వింటూ, తెరమీద వేలు పెట్టుకుని వెళ్తాడు. ఆ వేగంలో నాకు ఒక్క ముక్క అర్థం కాదు.

మరిది: సరే, బద్ధకం అన్నమాట వెనక్కి తీసుకుంటాను. అయినా ఇప్పుడే చెప్పుకోవడం ఎందుకు? ఒక సెమిస్టర్ మామూలుగా చదవనివ్వండి. తేలకపోతే అప్పుడు వెళ్లి అడుగుతాడు.

వదిన: అది కుదరదు. ఆఫీసు ఇచ్చే ఉత్తరం ప్రొఫెసర్ చేతికి అందిన రోజు నుంచే లెక్క, అంతకుముందు రాసిన పరీక్షకి వర్తించదు. అక్టోబరులో మిడ్‌టర్మ్ పోయి, నవంబరులో కాగితాలు పట్టుకుని తిరిగితే ఆ మార్కు ఎవరూ మార్చరు. ఉత్తరం కూడా సెమిస్టర్ సెమిస్టర్‌కీ కొత్తగా తీసుకోవాలి. కాగితాలు సరిచూడటానికి ఆ ఆఫీసుకి కొన్ని వారాలు పట్టొచ్చు. తేలతాడో మునుగుతాడో చూద్దామంటే మునిగాకే తెలుస్తుంది.

ఇక్కడ పిల్లలు ఇంకా తొమ్మిదిలోనో పదిలోనో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. కాలేజీలు చాలావరకు కొత్త టెస్టింగ్ రిపోర్టు కోరతాయి. పెద్దవాళ్ల కొలమానంతో చేసినదైతే మరీ మంచిదంటాయి. మూడో తరగతిలో చేసిన రిపోర్టు చూపిస్తే పని జరగకపోవచ్చు. బయట సైకాలజిస్టు చేత చేయిస్తే వేల డాలర్లవుతుంది. బడి మూడేళ్లకోసారైనా మళ్లీ చూడాలని చట్టంలో ఉంది, అయితే అవసరం లేదని తల్లిదండ్రులూ బడీ ఇద్దరూ ఒప్పుకుంటే మానేయొచ్చు. హైస్కూల్లో ఒక సమావేశంలో ఆ ఒప్పుకోలు కాగితం మామూలుగా మీ ముందుకొస్తుంది. సంతకం పెట్టకండి, పరీక్ష చేయమనండి. డిప్లొమా ఇచ్చేటప్పుడు మళ్లీ పరీక్ష చేయాల్సిన బాధ్యత బడికి లేదు. పిల్లవాడు ఎంతవరకు వచ్చాడు, ముందు ఏ సాయం కావాలి అని రాసిన సారాంశ పత్రం ఒకటి మాత్రం తప్పక ఇవ్వాలి, 2004 సవరణ నుంచి అది నియమం. అడిగి తీసుకోండి. మళ్లీ వాదనలోకి వస్తాను.

మరిది: అసలు సంగతి చెప్తాను. ఒకసారి కాగితం మీద పడిన మాట చెరగదు. రేపు ఉద్యోగానికి వెళ్తే? ఎల్లుండి సంబంధాలు చూస్తే?

వదిన: ఒక్కొక్కటీ చెప్తాను విను. అడ్మిషన్ అప్లికేషన్‌లో నీకు డిసబిలిటీ ఉందా అని యూనివర్సిటీ అడగకూడదు. మనం చెప్పదలిస్తే చెప్పొచ్చు, అంతే. ఎక్కువ టైమ్ తీసుకుని శాట్ ప్రవేశ పరీక్ష రాసినవాళ్ల స్కోరు పక్కన ఒకప్పుడు గుర్తు వేసేవాళ్లు, 2003లో ఆపేశారు. కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో ఏ సాయం తీసుకున్నాడో ఉండదు. డిగ్రీ పట్టా మీద ఉండదు. ఆ ఆఫీసులో ఉన్న ఫైలు ప్రొఫెసర్‌కి కూడా చూపించరు. ఉత్తరంలో 'ఈ విద్యార్థికి పరీక్షలో ఒకటిన్నర రెట్లు సమయం' అని ఉంటుంది గానీ, ఎందుకో ఉండదు.

మరిది: ఈ ప్రోగ్రాంలో చేరితే అడ్మిషన్ ఆఫీసుకి తెలియదా?

వదిన: అది కాలేజీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల రెండు అప్లికేషన్లూ కలిపి చూస్తారు, కొన్నిచోట్ల వేటికవే. ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న.

మరిది: యూనివర్సిటీ సరే, మనవాళ్ల సంగతి? గుడిలో ఒకరి చెవిన పడితే ఆదివారానికల్లా చాండ్లర్ అంతా తెలుస్తుంది. ఉగాది సభలో ఎవరో ఒకరు వచ్చి, పాపం మీ అబ్బాయికి ఏదో ఉందట కదా అంటారు. అమ్మకి ఇంతవరకు చెప్పనేలేదు మనం.

వదిన: చెప్పాను.

మరిది: ఎప్పుడు?

వదిన: దసరాకి ఫోన్ చేసినప్పుడు. అత్తయ్యగారు ఏమన్నారో తెలుసా? మీ పెద్ద మామయ్యకీ అంతేనట. ఎస్సెస్సెల్సీ గట్టెక్కలేదని చదువు మాన్పించి పొలానికి పంపారట. కౌలు లెక్కలు, వడ్డీ లెక్కలు నోటితోనే చెప్పేవాడట. కాగితం ఇస్తే మాత్రం కళ్లజోడు తేలేదని తప్పించుకునేవాడట. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఇప్పుడు అక్కడ మన ఊళ్లో ఉన్నవాళ్లకైనా తెలుసు డిస్లెక్సియా అన్న పేరు. మన దేశంలో 2016 చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాల జాబితాలో దీన్నీ చేర్చారు, బోర్డు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తున్నారు. గుట్టు ఎవరి కోసం? మనం దాచిన కొద్దీ, ఇది సిగ్గుపడాల్సిన విషయమని వాడు మన దగ్గరే నేర్చుకుంటాడు.

మరిది: సిగ్గు సంగతి పక్కన పెట్టండి. నమ్మకం సంగతేమిటి? 2019లో ఆ అడ్మిషన్ల కుంభకోణం బయటపడింది. డబ్బున్నవాళ్లు పిల్లలకి లేని సమస్యను కాగితం మీద రాయించుకుని, ఎక్కువ టైమ్ తెచ్చుకుని, తమకి అనుకూలమైన పరీక్షా కేంద్రంలో రాయించారు. అది చదివిన ప్రొఫెసర్ మనవాడి ఉత్తరం చూసి ఏమనుకుంటాడు?

వదిన: అనుమానపడేవాళ్లు 2019కి ముందూ ఉన్నారు. బాస్టన్ యూనివర్సిటీ కేసు విన్నావా?

ఈ కేసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బాస్టన్ యూనివర్సిటీలో ఇలాంటి పిల్లల కోసం మంచి పేరున్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. దాన్ని చూసే కొందరు అక్కడ చేరారు. 1995లో అక్కడి ప్రొవోస్ట్ జాన్ వెస్ట్‌లింగ్ బహిరంగ ప్రసంగాల్లో సమంతా అనే విద్యార్థిని కథ చెప్పారు. మొదటి రోజే ఆమె ఒక ఉత్తరం పట్టుకొచ్చిందట: ముందు వరుసలో చోటివ్వాలి, పరీక్షకి ఎక్కువ సమయం కావాలి, క్లాసులో నిద్రపోతే ఆ కాసేపట్లో చెప్పిన పాఠం మళ్లీ చెప్పాలి. ఇలాంటి పిల్లల వల్ల చదువు ప్రమాణం పడిపోతోందని ఆయన వాదన. అదే ఏడాది యూనివర్సిటీ నిబంధనలు బిగించింది. మూడేళ్లకోసారి కొత్తగా పరీక్ష చేయించుకుని రమ్మంది, పరీక్ష చేసేవాళ్ల అర్హతల మీద కొత్త ఆంక్షలు పెట్టింది. విద్యార్థులు కోర్టుకెళ్లారు. సమంతా అనే అమ్మాయి అసలు లేదని, ఆమె తన కల్పనేనని వెస్ట్‌లింగ్ ఆ కేసులో ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన యూనివర్సిటీ అధ్యక్షుడు. 1997లో న్యాయమూర్తి ప్యాటీ సారిస్ తీర్పు చెప్పారు. ఆ నిబంధనల్లో కొన్ని చట్టవిరుద్ధమని, వాటి వెనక ఈ పిల్లల మీద ఉన్న చులకన భావం పనిచేసిందని తేల్చారు. ఆరుగురు విద్యార్థులకు కలిపి సుమారు 30 వేల డాలర్ల పరిహారం దక్కింది. కల్పించిన ఒక అమ్మాయి కథ వల్ల నిజమైన పిల్లలు రెండేళ్లు కోర్టు మెట్లెక్కారు. అందుకే, అందరూ నటిస్తున్నారు అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు మండుతుంది.

మరిది: అదే కేసులో ఇంకో సగం ఉంది, నేనూ చదివాను. విదేశీ భాష కోర్సు బదులు వేరే కోర్సు ఇమ్మని అడిగితే, యూనివర్సిటీ ఆలోచించి కుదరదంది, చివరికి కోర్టు దాన్ని ఒప్పుకుంది. అంటే డిగ్రీకి అవసరమైనది తగ్గించమని చట్టం చెప్పదు.

వదిన: చెప్పకూడదు కూడా. వాడికి ఫిజిక్స్ తగ్గించమని నేను అడగడం లేదు. అదే ఫిజిక్స్, అదే ప్రశ్నపత్రం. చదవడానికి వాడికి పట్టే టైమ్ ఇమ్మంటున్నాను.

మరిది: ఉద్యోగంలో ఆ టైమ్ ఎవరిస్తారు? మా టీమ్‌లో డెడ్‌లైన్ అంటే డెడ్‌లైనే.

వదిన: మీ టీమ్‌లో ఎవరైనా నీకు గంట టైమ్ పెట్టి, ఫోన్ లాక్కుని, ఎనభై ప్రశ్నలు చదివి గుండ్రాలు నింపమన్నారా ఎప్పుడైనా? ఆఫీసులో వాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని డాక్యుమెంటు వింటాడు, ఎవరు కాదంటారు? ఏడీఏ ఉద్యోగానికి కూడా వర్తిస్తుంది, కాకపోతే అక్కడా వాడే అడగాలి.

మరిది: వాడే అడగాలి. ఆ మాట మీరే అన్నారు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆ సాల్ట్ అప్లికేషన్‌లో విద్యార్థి సొంత మాటల్లో రాయాల్సిన భాగం, మీ ల్యాప్‌టాప్‌లో ఉంది. నిన్న అన్నయ్య చూపించాడు. అది ఎవరు రాశారు?

వదిన: వాడు చెప్పాడు, నేను...

మరిది: 'ధ్వనులను అక్షరాలతో అనుసంధానించే ప్రక్రియలో నాకు గణనీయమైన బలహీనత ఉంది.' పదిహేడేళ్ల పిల్లాడి మాటేనా అది? టెస్టింగ్ రిపోర్టు నాలుగో పేజీలోంచి దింపారు. పాస్‌వర్డు మీ దగ్గర, కౌన్సెలర్‌తో ఈమెయిళ్లు మీవి, టూసాన్‌కి ఫోన్ చేసింది మీరు. వాడు గదిలో బెన్నూ వీడియో చూస్తున్నాడు.

వదిన: డెడ్‌లైన్ దగ్గరికొస్తోంది. కూర్చోమంటే కూర్చోడు. రాయడమంటేనే వాడికి నరకం, అది తెలిసి ఆరేడు వందల మాటలు రాయమని ఎలా పీకమీద కూర్చోను?

మరిది: అక్కడ వారం వారం వచ్చే మనిషికి, నాకు ఇక్కడ నొప్పిగా ఉంది అని చెప్పుకోవాల్సింది వాడు. క్లాసు మొదటి వారంలో ఉత్తరం పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్లాల్సింది వాడు. మీరు టూసాన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, అమ్మా మీ అబ్బాయి సంతకం లేకుండా మేం ఏమీ చెప్పలేం అంటారు. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు పిల్లలదే, 1974 నుంచీ ఫెర్పా చట్టం ఉంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మన ఇంట్లో అడగకుండానే పెడుతున్నారు, వాడికి అడగడం ఎప్పుడొస్తుంది?

వాదనలో బలం ఇక్కడ మరిది వైపు మారింది. ఫెడరల్ ప్రభుత్వం చేయించిన ఒక పెద్ద దేశవ్యాప్త అధ్యయనంలో, బడిలో ఇలాంటి సాయం అందుకున్న పిల్లల్లో కాలేజీకి వెళ్లాక తమ ఇబ్బందిని అక్కడ చెప్పుకున్నవాళ్లు సుమారు నాలుగో వంతేనని తేలింది. సిగ్గు ఒక కారణం. ఇక తమకు ఆ ఇబ్బంది లేదనుకోవడం మరో కారణం. నా మట్టుకు నాకు ఇంకోటి కనబడుతుంది: పన్నెండేళ్లపాటు ఐఈపీ సమావేశాల్లో పిల్లవాడి గురించి అందరూ మాట్లాడారు, పిల్లవాడు మాట్లాడలేదు. పదహారేళ్ల వయసుకల్లా ముందు చదువుకి సంబంధించిన ప్రణాళిక రాయాలని, ఆ సమావేశానికి పిల్లవాడినీ పిలవాలని చట్టంలోనే ఉంది. పిలుస్తారు, వస్తాడు, తలవంచుకుని కూర్చుంటాడు, అమ్మ మాట్లాడుతుంది.

వదిన: నన్నేం చేయమంటావు? చేతులు కట్టుకుని కూర్చోనా?

మరిది: ఆ వ్యాసం తీసేయండి. రాయమనకండి, మాట్లాడమనండి. వాడు ఫోన్‌కి చెప్తే అదే టైపు చేస్తుంది. ఇందాక మీరు బయాలజీ పేపరు గురించి చెప్పారే, మొదటి పేజీ చివరి పేజీ అని, అది వాడి నోట రావాలి. అది ఆ రిపోర్టు వాక్యం కంటే వందరెట్లు నయం.

వదిన: తప్పులొస్తాయి.

మరిది: స్పెల్లింగ్ దిద్దండి, మాట మార్చకండి. డిస్లెక్సియా ఉన్న పిల్లల ప్రోగ్రాంకి నున్నగా చెక్కిన వ్యాసం పంపితే వాళ్లకి మాత్రం అనుమానం రాదా?

వదిన: అంటే నువ్వు అప్లై చేయమంటున్నావన్నమాట.

మరిది: నేను అనలేదు. ఫీజు విషయంలో నా మాట నాదే. మొదటి ఏడాది కట్టండి, తర్వాత ఉచిత ఆఫీసు చాలునేమో చూడండి. నాలుగేళ్లూ కట్టి, నాలుగేళ్లూ ఒకరు పక్కన కూర్చుంటే వాడికి నేర్చుకోవాల్సిన అవసరమే రాదు.

వదిన: ఒక్క ఏడాది చాలదు. రెండో ఏడాదే కోర్సులు బరువెక్కేది. రెండేళ్లు.

మరిది: అది తర్వాత చూద్దాం. వాడు అసలు వద్దంటే?

వదిన: సాల్ట్ వద్దంటే మానేస్తాను. ఉచిత ఆఫీసులో మాత్రం అడ్మిషన్ రాగానే పేరు నమోదు చేయించుకోవాల్సిందే. వాడుకుంటాడో లేదో వాడిష్టం, కాగితం సిద్ధంగా ఉండాలి.

మరిది: అదీ వాడే చేయాలి, మీరు చేయలేరు. రేపు శనివారం నేను వాణ్ని టూసాన్ తీసుకెళ్తాను. రెండు గంటల దారి. రెండు ఆఫీసులూ కనుక్కుని వస్తాం.

వదిన: శనివారం ఆఫీసులుండవు. శుక్రవారం బడికి సెలవు పెట్టించు. ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

మరిది: వాడి చేత చేయిస్తాను.

వదిన: నంబరు నా దగ్గర ఉంది, ఇస్తాను. మెడిసిన్ వాడుతున్నాడా అని అడుగుతారు, రిపోర్టు ఏ సంవత్సరానిదని అడుగుతారు, అది...

మరిది: వదినా, నంబరు చాలు.